ఫిజీ పార్లమెంటులో సీట్లు ఎలా పంచుతారు?

1970లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఫిజీకి రెండు సభలుండేవి. 52 మంది ప్రతినిధుల సభలో సీట్లు జాతుల వారీగా పంచారు: స్థానిక ఫిజీయన్లకు 22, భారత సంతతికి (వీరిలో తెలుగు మూలాలవారూ ఉన్నారు) 22, మిగతావారికి 8. 2013 రాజ్యాంగం జాతుల వారీ కోటాలనూ, రెండో సభ సెనేట్‌నూ తీసేసింది.

ఇప్పుడున్నది ఒకే సభ: 55 సీట్లు, నాలుగేళ్ల గడువు, దేశమంతా ఒకటే నియోజకవర్గం. బ్యాలెట్ మీద పేరు, గుర్తు ఉండవు, అభ్యర్థి నంబరు మాత్రమే. ఆ ఓటు పార్టీ ఖాతాలోనూ పడుతుంది. చిక్కంతా దేశమంతా పడ్డ ఓట్లలో 5 శాతం అనే గీత దగ్గరే. పార్టీ దాన్ని దాటకపోతే అభ్యర్థికి సొంతంగా ఎన్ని వేల ఓట్లొచ్చినా సీటు రాదు. స్వతంత్రులకూ అదే నిబంధన, అంటే వాళ్లు గెలవడం దాదాపు అసాధ్యం.

2022లో సభలో 28–27తో, ఒక్క ఓటు తేడాతో ప్రధాని అయిన రబుకా, 1987 సైనిక తిరుగుబాట్లు నడిపిన మనిషే.