తగిలాక చెప్పాలా, తగలకముందే చెప్పాలా?

డైస్ వేసి ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల గురించి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ రియాక్షన్ల మీదే ఉన్నాయి (రియాక్షన్ అంటే ఏదైనా జరగ్గానే దానికి జవాబుగా వెంటనే చేసే పని, ఒక టర్న్ నుంచి ఇంకో టర్న్ దాకా ఒక్కటే), అందులోనూ దెబ్బ తప్పించుకునే రియాక్షన్ ఏ క్షణంలో చెప్పాలి అన్నదాని మీద. అందుకని మిగతావి వచ్చేసారికి ఉంచి వీటికే చోటిచ్చా. రాసినవాళ్ళు దాదాపు అందరూ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఆడేవాళ్ళే, 2014 పుస్తకానికీ 2024 పుస్తకానికీ తేడా ఉన్నచోట చెప్తా.

ప్రశ్న: అన్నా, నేను విజార్డ్ (మంత్రగాడు) ఆడుతున్నా, ఏసీ (దెబ్బ తగలాలంటే దాడి రోల్ చేరాల్సిన నంబర్) 15. మొన్న ఓగర్ అనే రాక్షసి నా మీద పడింది, మా డీఎం (ఆట నడిపే మనిషి) డైస్ వేసి "తగిలింది, 14 డామేజ్, రాసుకో" అన్నాడు, నేను వెంటనే షీల్డ్ (ఏసీని 5 పెంచే స్పెల్) వేస్తా అన్నా, "డామేజ్ చెప్పేశాక కుదరదు, ముందే చెప్పాలి" అన్నాడు. ఆయన ఒక్క గుక్కలో అంతా చెప్పేస్తుంటే ముందు అనేది ఎక్కడుంది?
– ఒక రీడర్, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, షీల్డ్ స్పెల్ దగ్గర ట్రిగ్గర్, అంటే అది ఎప్పుడు వాడొచ్చో చెప్పే షరతు, ఏం రాశారో ఒకసారి చూడు, దాడి నీకు తగిలినప్పుడు, లేదంటే మ్యాజిక్ మిస్సైల్ నీ మీద వేసినప్పుడు అని ఉంటుంది. అంటే డీఎం డీ20 (ఇరవై ముఖాల డైస్) వేశాడు, మొత్తం నీ ఏసీతో సరిచూశాడు, తగిలిందని తేలింది, డామేజ్ డైస్ ఇంకా చేతిలోనే ఉన్నాయి. నీ టైమ్ అదే. అంతకుముందు చెప్పక్కర్లేదు, ఆ తర్వాత చెప్తే లేటు. కాబట్టి డామేజ్ తర్వాత కుదరదు అనేవరకూ మీ డీఎం కరెక్టే, కానీ నీకు ఆ టైమే ఇవ్వకుండా హిట్టూ డామేజీ కలిపి చెప్పేసి తర్వాత లేటైంది అనడం మాత్రం న్యాయం కాదు. క్రికెట్‌లో అంపైర్ వేలెత్తాక రివ్యూ అడగడానికి 15 సెకన్లు ఇస్తారు కదా, ఆ 15 సెకన్లు లేకపోతే రివ్యూ ఉందని చెప్పి ఏం లాభం?

చేయాల్సింది చాలా చిన్నది. డీఎం "17, తగిలిందా?" అని అడిగి ఆగాలి, నువ్వు "తగిలింది" అనో "తగిలింది కానీ షీల్డ్" అనో అనాలి, అప్పుడే డామేజ్ డైస్ కదలాలి. నీ వైపు నుంచి కూడా ఒకటుంది, ఆయన అడిగినప్పుడు స్పెల్ లిస్ట్ తిరగేస్తూ కూర్చోకూడదు, పది మంది శత్రువుల్ని నడిపే మనిషి నీ ఒక్కడి కోసం ఎంతసేపని ఆగుతాడు. "ఏసీ 15, షీల్డ్ ఉంది, రియాక్షన్ వాడలేదు" అని చిన్న కార్డు రాసి ఆయనకి కనపడేలా పెట్టు, రియాక్షన్ వాడేశాక తిరగేసి పెట్టు, నీ టర్న్ మొదలవగానే మళ్ళీ సరిగ్గా పెట్టు.

ఇక నువ్వు అడగలేదు కానీ దీని వెనకే వచ్చే గొడవ ఇంకోటుంది, డీఎం ఆ 17 అనే నంబర్ చెప్పాలా, ఊరికే తగిలింది అంటే చాలా అని. చెప్పి తీరాలని పుస్తకంలో ఎక్కడా లేదు. నా ఓటు మాత్రం చెప్పడానికే, ఎందుకో లెక్క చూడు. ఓగర్‌కి దాడిలో +6, డైస్ మీద పడ్డదానికి అది కలుపుతారు. నీ ఏసీ 15 కాబట్టి డైస్ మీద 9 నుంచి 20 దాకా ఏది పడినా తగుల్తుంది, అంటే పన్నెండు నంబర్లు. షీల్డ్ వేస్తే ఏసీ 20 అవుతుంది, అప్పుడు 9 నుంచి 13 వరకు పడ్డవే తప్పుతాయి, పన్నెండులో ఐదన్నమాట. మిగతా ఏడింటిలో స్లాట్ (స్పెల్ వేయడానికి ఖర్చయ్యేది) పోతుంది, దెబ్బా పడుతుంది. ఒకటో లెవెల్ విజార్డ్‌కి ఉండేవే రెండు స్లాట్లు, అందులో ఒకటి గుడ్డిగా పోగొట్టుకుంటే చేతిలో మిగిలేది ఒక్కటే. నంబర్ దాస్తే ఉత్కంఠ ఉంటుంది అనే డీఎంలు ఉన్నారు, వాళ్ళ మాటా కొట్టిపారేయలేం, కానీ దాస్తే మొదటి సెషన్ నుంచీ అందరికీ దాచాలి, ఒకరికి చెప్పి ఒకరికి దాచకూడదు. డైస్ మీద 20 పడితే మాత్రం షీల్డ్ ఆపలేదు, ఏసీ ఎంతున్నా అది తగిలినట్టే. ఇంకోటి, ఆ +5 నీ తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా ఉంటుంది కాబట్టి ఈ దెబ్బ ఎలాగూ తగుల్తుందని తెలిసినా వెనక ఇంకో ముగ్గురు గోబ్లిన్లు కొట్టడానికి రెడీగా ఉంటే వేసుకోవడం దండగేం కాదు.

ప్రశ్న: నమస్తే అండీ. మా రోగ్‌కి (దొంగ తరహా పాత్ర) అన్‌కానీ డాడ్జ్ అనే రియాక్షన్ ఉంది. డామేజ్ ఎంతో విన్నాక సగం చేసుకుంటానంటే మా గ్రూప్‌లో ఒప్పుకోవట్లేదు. చిన్న దెబ్బకి రియాక్షన్ తగలేయడం ఎవరికిష్టం చెప్పండి?
– ఒక రీడర్, విశాఖపట్నం

జవాబు: మీ బాధ అర్థమైందండీ, కానీ రూల్ వాళ్ళ వైపే ఉంది. కనిపిస్తున్న శత్రువు దాడి మీకు తగిలినప్పుడు రియాక్షన్‌తో డామేజ్ సగం చేసుకోవచ్చు అనే ఉంది, అంటే ట్రిగ్గర్ తగలడం, డామేజ్ కాదు. షీల్డ్ ఎక్కడ చెప్పాలో ఇదీ అక్కడే చెప్పాలి. కొన్ని టేబుళ్ళలో డామేజ్ విన్నాక కూడా ఒప్పుకుంటారు, అది హౌస్ రూల్, మీవాళ్ళు ఒప్పుకుంటే హాయిగా వాడుకోండి, కానీ దానివల్ల రోగ్ బలం బాగానే పెరుగుతుందని తెలిసి ఒప్పుకోవాలి, ఎందుకంటే ప్రతి రౌండ్‌లో పెద్ద దెబ్బ ఏదో చూసి ఎంచుకునే వీలు వస్తుంది.

డామేజ్ పడ్డాకే వాడేవి వేరే ఉన్నాయి. అబ్జార్బ్ ఎలిమెంట్స్ అనే స్పెల్ అలాంటిదే, దాని ట్రిగ్గర్ నిప్పు, చలి, పిడుగు, యాసిడ్, ఉరుము డామేజ్ మీకు పడటం. ఫైర్‌బాల్ అనే నిప్పు స్పెల్ డామేజ్ 8డీ6 (ఆరు ముఖాల డైస్ ఎనిమిది), సగటున 28, సేవ్ (తప్పించుకోవడానికి వేసే రోల్) నెగ్గితే 14, దాని మీద అబ్జార్బ్ ఎలిమెంట్స్ వేస్తే 7. ఇక్కడ ఎంత పడుతోందో విని నిర్ణయించుకోవచ్చు, ఆ స్పెల్ రాసిన పద్ధతే అది. అందుకే నేను అందర్నీ బతిమాలేది ఒకటే, కేరెక్టర్ షీట్‌లో రియాక్షన్ పేరు రాసి వదిలేయకండి, పక్కన ట్రిగ్గర్ వాక్యం కూడా రాసుకోండి. సగం తగాదాలు ఆ వాక్యం చదవకపోవడం వల్లే వస్తాయి.

ప్రశ్న: బ్రో, ఫైటర్‌కి (యోధుడు) ప్రొటెక్షన్ అనే పోరాట స్టైల్ తీసుకున్నా, పక్కనున్న క్లెరిక్‌ని (పూజారి పాత్ర) కాపాడదామని. కానీ నేను నోరు తెరిచేలోపే డీఎం డైస్ పడిపోతోంది. నాలుగు సెషన్లలో ఒక్కసారి కూడా వాడలేకపోయా.
– ఒక రీడర్, బెంగళూరు

జవాబు: ఈ ఉత్తరం చదివి నిజంగా బాధేసింది బ్రో, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ నష్టపోయేది ఈ స్టైలే. ఇది తగిలాక చెప్పేది కాదు, ఐదడుగుల్లో ఉన్న మీ మనిషి మీద శత్రువు దాడి చేస్తున్నప్పుడు ఆ రోల్‌కి డిసడ్వాంటేజ్ (డీ20 రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం) ఇచ్చేది, అంటే రోల్ పడకముందే చెప్పాలి. డీఎం "క్లెరిక్ మీద కొడుతోంది" అని టార్గెట్ పేరు చెప్పి ఒక్క క్షణం ఆగితేనే మీకు ఆ స్టైల్ ఉన్నట్టు, ఆగకపోతే లేనట్టే. ఆటలో మీరు డబ్బులో లెవెలో పెట్టి కొనుక్కున్నది ఇంకొకరి స్పీడ్ వల్ల పోకూడదు, ఈ మాట మొహమాటపడకుండా డీఎంతో సెషన్‌కి ముందే చెప్పండి, మధ్యలో చెప్తే గొడవలా ఉంటుంది. ఇంకో దారి కూడా ఉంది, "క్లెరిక్ మీద రౌండ్‌లో మొదట వచ్చే దాడికి నా ప్రొటెక్షన్" అని ముందే చెప్పి పెట్టుకుంటానంటే చాలామంది డీఎంలు ఒప్పుకుంటారు. 2024 పుస్తకంలో అయితే ఇది బాగా మెరుగుపడింది, ఒకసారి డాలు అడ్డం పెడితే మీ తర్వాతి టర్న్ వరకూ ఆ మనిషి మీద వచ్చే దాడులన్నిటికీ డిసడ్వాంటేజ్, మీరు ఐదడుగుల్లోనే ఉంటే.

ప్రశ్న: నేను డీఎంని, డిస్కార్డ్‌లో వీకెండ్స్ నడుపుతాను. శత్రువు స్పెల్ వేస్తుంటే పేరు చెప్పాలా? చెప్తే ఫైర్‌బాల్‌కే కౌంటర్‌స్పెల్ (ఎదుటివాళ్ళ స్పెల్‌ని ఆపే స్పెల్) వాడతారు, చెప్పకపోతే ప్లేయర్లు అలుగుతున్నారు.
– ఒక రీడర్, డల్లాస్

జవాబు: కౌంటర్‌స్పెల్ ట్రిగ్గర్ 60 అడుగుల్లో ఒకరు స్పెల్ వేస్తుండటం చూడటమే, ఏ స్పెల్లో తెలియడం కాదు. కాబట్టి "చేతులు తిప్పుతూ మంత్రం చదువుతోంది" అని ఆగండి, ఎవరూ మాట్లాడకపోతే అప్పుడు పేరు చెప్పండి. తెలుసుకోవాలంటే 2017లో వచ్చిన జనాథర్స్ గైడ్ అనే రూల్స్ పుస్తకంలో దారి ఉంది, రియాక్షన్ ఖర్చు పెట్టి ఆర్కానా (మంత్రవిద్య పరిజ్ఞానం) చెక్, డీసీ, అంటే చేరాల్సిన నంబర్, 15 ప్లస్ స్పెల్ లెవెల్. కానీ ఆ రియాక్షన్ పోతే అదే మనిషి కౌంటర్ చేయలేడు, ఒకరు గుర్తుపట్టి అరిస్తే ఇంకొకరు కౌంటర్ చేయాలి, అలా అరవడానికి టైమ్ ఉందా లేదా అన్నది మీ ఇష్టం, నేనైతే ఇస్తాను, ఇద్దరు కలిసి ఆడితేనే కదా అందం. ఆన్‌లైన్‌లో ఇంకో చిక్కు, ఆడియో లేటుగా వస్తుంది, అందుకని చాట్‌లో "కౌంటర్" అని టైప్ చేసినా చెల్లుతుందని ముందే చెప్పేయండి. 2024లో ఒక టర్న్‌లో ఒక్క స్పెల్ స్లాటే ఖర్చు పెట్టొచ్చు కాబట్టి, స్లాట్ పెట్టి ఫైర్‌బాల్ వేస్తున్న విజార్డ్ తన మీదకి వచ్చిన కౌంటర్‌ని తనే ఇంకో స్లాట్‌తో కౌంటర్ చేయలేడు, 2014లో అది కుదిరేది.

ప్రశ్న: పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట రెండో ఎడిషన్‌లో షీల్డ్ బ్లాక్ (డాలు అడ్డం పెట్టే రియాక్షన్) చెప్పేది డామేజ్ తెలిశాకే కదా?
– ఒక రీడర్, గుంటూరు

జవాబు: అవునండీ, డామేజ్ పడబోతున్నప్పుడు అని ఉంది కాబట్టి ఎంతో విని చెప్పొచ్చు, కాకపోతే మీ టర్న్‌లోనే ఒక యాక్షన్ పెట్టి డాలు ఎత్తి ఉండాలి. స్టీల్ షీల్డ్ హార్డ్‌నెస్ (ప్రతి దెబ్బలో డాలు ఆపేది) 5, హెచ్‌పీ (అది తట్టుకునే మొత్తం డామేజ్) 20. దెబ్బ 12 అయితే 5 ఆగుతుంది, మిగిలిన 7 మీకూ డాలుకీ ఇద్దరికీ పడుతుంది. అలాంటిదే ఇంకోటి ఆపితే డాలు హెచ్‌పీ 6కి వచ్చి విరిగినట్టే, 10కి దిగితేనే విరిగినట్టు లెక్క.

ప్రశ్న: డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో, గోబ్లిన్ తలుపు తీస్తే బాణం వేస్తా అని రెడీ (రియాక్షన్‌తో చేసేలా ముందే అట్టిపెట్టుకున్న యాక్షన్) పెట్టుకున్నా. వాడు వచ్చి నన్ను కొడితే షీల్డ్ వేయొచ్చా?
– ఒక రీడర్, కరీంనగర్

జవాబు: బాణం వేయకుండా వదిలేస్తే వేయొచ్చు. వేశావంటే రియాక్షన్ అయిపోయింది, నీ టర్న్ వచ్చేదాకా షీల్డ్ లేదు. తలుపు పూర్తిగా తెరుచుకున్నాకే నీ బాణం వెళ్తుంది, కాబట్టి లోపల ఎంతమంది ఉన్నారో చూసి అప్పుడు నిర్ణయించుకో.