మా అమ్మాయి ఎస్సై అవుతానంటోంది: ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. ఎస్సై పరీక్ష రాసి సైబర్ క్రైమ్ విభాగంలో చేరతానని పట్టుబడుతోంది. రాత్రి డ్యూటీలు, బందోబస్తులు తలచుకుంటే నాకు భయంగా ఉంది. రాబోయే రోజుల్లో పోలీసు పనంతా కెమెరాలు, కృత్రిమ మేధ చేసేస్తాయని, ఇప్పుడు ఆ ఉద్యోగం కోసం వెంపర్లాడటం దండగని బంధువులు అంటున్నారు. నగరంలోని ఒక సంస్థవారు లక్షన్నర రూపాయలు కడితే సైబర్ పోలీసు డిప్లొమా చేయిస్తామని, ఉద్యోగం ఖాయమని చెబుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం.

సమాధానం: అయ్యా, ముందుగా డిప్లొమా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందులో మీ కష్టార్జితం ఉంది. మన రాష్ట్రంలో ఎస్సైలను రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి ఎంపిక చేస్తుంది. సివిల్ ఎస్సై పోస్టుకు డిగ్రీ, నోటిఫికేషన్‌లో పేర్కొన్న వయసు, దేహదారుఢ్య పరీక్షలు, రాతపరీక్షలు మాత్రమే లెక్కలోకి వస్తాయి. ప్రైవేటు సంస్థ ఇచ్చే ధ్రువపత్రానికి ఈ ఎంపికలో ఒక్క మార్కు కూడా రాదు. సైబర్ విభాగంలోకి నేరుగా తీసుకుంటారన్న మాటనూ నమ్మవద్దు. ఎంపికైన వారంతా శిక్షణ తరువాత మామూలు స్టేషన్లలోనే పని నేర్చుకుంటారు. ఏ విభాగానికి ఎవరిని పంపాలో శాఖ అవసరాన్ని బట్టి పై అధికారులు నిర్ణయిస్తారు. మీ అమ్మాయికి బహుశా తెలియని విషయం మరొకటి ఉంది. సమాచార సాంకేతిక చట్టం కిందికి వచ్చే నేరాలను ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలని ఆ చట్టంలోని 78వ సెక్షన్ చెబుతోంది. అంటే ఎస్సైగా సైబర్ విభాగానికి వెళ్లినా, ఆ చట్టం కింద నమోదైన కేసులో తొలి ఏళ్లలో ఆమె దర్యాప్తు అధికారికి సహాయకురాలిగానే ఉంటుంది. ఇది తెలిసిన తరువాత కూడా ఆమెకు ఆసక్తి తగ్గకపోతే, ఆ ఆసక్తిని గట్టిదిగానే పరిగణించండి.

ఇక బంధువుల మాట. కెమెరాలు, డ్రోన్లు, ముఖాన్ని గుర్తించే సాఫ్ట్‌వేరు పోలీసు శాఖలోకి వచ్చిన మాట వాస్తవమే. అయితే వాటి వల్ల మనిషి పని తగ్గిపోతుందన్న అంచనా చట్టాన్ని చూడకుండా చేసినది. 2024 జూలై 1 నుంచి నేరాలు, శిక్షలను చెప్పే భారతీయ న్యాయ సంహిత, దర్యాప్తు పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్యాధారాల నియమాలను చెప్పే భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాక దర్యాప్తు అధికారి భుజాల మీద బాధ్యత మునుపటికంటే పెరిగింది. ఏ స్టేషన్ పరిధిలో నేరం జరిగినా ఫిర్యాదును తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపిన ఫిర్యాదుపై మూడు రోజుల్లోగా ఫిర్యాదుదారు సంతకం చేస్తే దాన్ని నమోదు చేయాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు లేదా బాధితులకు తెలియజేయాలి. ఏడేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలన్న నిబంధన కూడా వచ్చింది. దాన్ని అమలులోకి తెచ్చుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఇచ్చారు.

మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ తీసుకుంటే ఈ మార్పు లోతు మీకు అర్థమవుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి కిందికి దిగే గంజాయి రైళ్లలోనూ లారీల్లోనూ విశాఖ మీదుగా ఇతర రాష్ట్రాలకు పోవడం ఇక్కడి పోలీసులకు ఏళ్ల తరబడి ఉన్న తలనొప్పి. దీనికోసమే రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఈగల్ అనే ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసి, సమాచారం ఇవ్వడానికి ప్రజలకు 1972 నంబరును అందుబాటులోకి తెచ్చింది. 20 కిలోలు మించిన గంజాయిని మాదకద్రవ్యాల చట్టం వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తుంది. నేరం రుజువైతే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడుతుంది. శిక్ష ఇంత తీవ్రమైనది కనుక న్యాయస్థానం పోలీసులు వేసిన ప్రతి అడుగునూ పరిశీలిస్తుంది. నిందితుడి ఒంటిని సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా జరగాలని కోరే హక్కు అతనికి ఉందని చెప్పారా? పట్టుకున్న సరుకు జాబితాను మేజిస్ట్రేటు ధ్రువీకరించారా, నమూనాలు ఆయన సమక్షంలోనే తీశారా? నాగరిక్ సురక్షా సంహితలోని 105వ సెక్షన్ చెప్పినట్లు సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీసి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపారా? వీటిలో ఏ ఒక్కచోట పొరపాటు దొర్లినా, వందల కిలోల సరుకు కళ్లెదుట దొరికిన కేసు కూడా కోర్టులో వీగిపోవచ్చు. కొండల్లో సాగవుతున్న తోటను డ్రోను పసిగట్టగలదు, కానీ అర్ధరాత్రి లారీని ఆపి, పంచులను, అంటే సాక్షులుగా ఉండే స్థానికులను పిలిపించి, వర్షంలోనే పంచనామా తప్పుల్లేకుండా రాయించి, రెండేళ్ల తరువాత బోనులో నిలబడి డిఫెన్సు న్యాయవాది ప్రశ్నలకు తొణకకుండా జవాబు చెప్పవలసింది ఆ అధికారే.

కంప్యూటర్ సైన్స్ చదివిన వారికి ఇక్కడే నిజమైన ప్రయోజనం ఉంది. సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఫోను నుంచి గానీ సీసీ కెమెరా నుంచి గానీ తీసిన సమాచారాన్ని కోర్టుకు ఇచ్చేటప్పుడు దాని హాష్ విలువను (సమాచారం ఏమాత్రం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్యను) చూపే ధ్రువపత్రం జతచేయాలి. ఆ పత్రంలో ఒక భాగాన్ని పరికరం బాధ్యులు, మరో భాగాన్ని నిపుణులు నింపాలి. మీ అమ్మాయి తరగతి గదిలో నేర్చుకున్న హాష్ ఫంక్షన్ ఇప్పుడు ఒక నిందితుడికి శిక్ష పడాలా వద్దా అన్నదాన్ని ప్రభావితం చేసే అంశమైంది. స్వాధీనం చేసుకున్న ఫోనును అక్కడికక్కడే తెరిచి చూడాలన్న తొందరను ఆపుకోవడం, ఏ క్షణంలో ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో రాసిపెట్టడం వంటి అలవాట్లు ఉన్న ఎస్సై ఏ స్టేషన్‌లో ఉన్నా, ఆ స్టేషన్ కేసులకు బలం చేకూరుతుంది. సైబర్ విభాగం అన్న బోర్డు ఉన్న గదికే వెళ్లవలసిన అవసరమేమీ లేదు.

అధికారం పెరిగినంతగా నిఘా కూడా పెరిగిందని ఆమె గ్రహించాలి. అరెస్టు సమయంలో పాటించవలసిన పద్ధతులను సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు కేసులో నిర్దేశించింది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. పోలీస్ స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. దెబ్బలు కొట్టి నిజం రాబట్టడమే పోలీసుతనం అనుకునే వారికి ఈ ఉద్యోగం ఇకపై నిలవదని, నిలవకూడదని నా దృఢమైన అభిప్రాయం. ముఖ గుర్తింపు సాంకేతికత విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కెమెరా ఒక పోలికను సూచిస్తుంది. ఆ పోలిక తప్పయితే అమాయకుడి ఇంటి తలుపు తట్టేది మనిషే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. ఆ తీర్పు సారాంశాన్ని ఆమె పరీక్ష కోసం కాకపోయినా చదవాలి.

సైబర్ నేరాల దర్యాప్తు బయటికి కనిపించేంత ఉత్కంఠభరితంగా ఉండదు. 2024 మేలో విశాఖ నగర పోలీసులు బయటపెట్టిన కంబోడియా ఉదంతం మీకు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరుతో ఏజెంట్లు మన ప్రాంతపు యువకులను అక్కడికి పంపితే, అక్కడ వారిని నిర్బంధించి మన దేశస్థులనే ఆన్‌లైన్‌లో మోసగించే పని చేయించారు. అటువంటి కేసులో కంప్యూటరు పరిజ్ఞానం ఒక వంతు మాత్రమే. భయపడి నోరు విప్పని కుటుంబాలతో మాట్లాడి నమ్మకం కలిగించాలి, డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయిందో బ్యాంకులకు లేఖలు రాసి తెప్పించాలి, కేంద్ర సంస్థలతో, విదేశంలోని రాయబార కార్యాలయంతో సమన్వయం కుదరాలి. సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరుకు వచ్చే కేసుల్లోనూ అంతే. మొదటి గంటల్లో సమాచారం అందితే డబ్బును ఖాతాలో నిలిపివేసే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే అది పది ఖాతాలు దాటి చేజారుతుంది. డిజిటల్ అరెస్టు అంటూ వీడియో కాల్‌లో బెదిరించిన వారికి జీవితకాలపు పొదుపు బదిలీ చేసి వచ్చిన విశ్రాంత ఉద్యోగి ఎదురుగా కూర్చుంటే, విసుక్కోకుండా వివరాలు రాబట్టగలగాలి. అలాంటి ఓర్పు మీ అమ్మాయిలో ఉందో లేదో మీకే బాగా తెలుస్తుంది.

మీ భయం గురించి కూడా దాపరికం లేకుండా చెబుతాను. రాత్రి డ్యూటీలు ఉంటాయి. సింహాచలం గిరి ప్రదక్షిణ నాడు 32 కిలోమీటర్ల దారి పొడవునా జనం నడుస్తుంటే పోలీసులు ఆ దారిలోనే ఉంటారు. నౌకాదళ దినోత్సవమైనా, ప్రముఖుల పర్యటన అయినా బీచ్ రోడ్డులో తెల్లవారకముందే నిలబడాలి. 2019లో రాష్ట్రంలో పోలీసులకు వారానికొక రోజు సెలవు ప్రకటించారు గానీ, సిబ్బంది కొరత ఉన్నచోట అది అందడం సులువు కాదు. మహిళలకు మూడింట ఒక వంతు రిజర్వేషన్ ఉన్నందున శాఖలో ఆమె ఒంటరిగా ఏమీ ఉండదు. మీకు తెలిసిన వారిలో పోలీసు శాఖలో పనిచేసే మహిళ ఎవరైనా ఉంటే, మీరు లేకుండా మీ అమ్మాయిని ఒక్కదాన్నే ఆమెతో అరపూట గడపనివ్వండి. తండ్రి పక్కనుంటే అడగలేని ప్రశ్నలు కొన్ని ఉంటాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కాలం విషయం. గత కానిస్టేబుల్ నియామకాన్ని చూడండి. 6,100 పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చి, 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివరిలో మొదలై, తుది రాతపరీక్ష 2025 జూన్‌లో జరిగింది. అదే సమయంలో ప్రకటించిన 411 ఎస్సై పోస్టులకు తుది పరీక్ష 2023 అక్టోబరులోనే ముగిసింది. ఎంత సమయం పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేని దారి ఇది. కాబట్టి ఉద్యోగం మానేసి, గది అద్దెకు తీసుకుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటాన్ని నేను సమర్థించను. బీటెక్ పూర్తికాగానే ఆమె ఏదైనా ఉద్యోగంలో చేరి, ఉదయం రెండు గంటలు అంకగణితం, రీజనింగ్, జనరల్ స్టడీస్‌కు కేటాయించాలి. తుది పరీక్షలో ఇంగ్లిష్, తెలుగు పేపర్లలో అర్హత సాధిస్తే చాలు. ర్యాంకును నిర్ణయించేవి మిగిలిన రెండు పేపర్లే. మహిళలకు 1,600 మీటర్ల పరుగును 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలన్న నిబంధన ఉంది. బీచ్ ఇసుకలో మొదటి రోజే పరుగెత్తి పిక్కలు పట్టేసి మూలన పడ్డ అభ్యర్థులను చాలామందిని చూశాను. గట్టి నేల మీద నడకతో మొదలుపెట్టి నెమ్మదిగా వేగం పెంచుకోమనండి.

యూనిఫాం కంటే పరిశోధనే ఆమెను ఆకర్షిస్తోందని తేలితే, గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంలో డిజిటల్ ఫోరెన్సిక్స్, సైబర్ సెక్యూరిటీ పీజీ కోర్సులున్నాయి. మీరు డిప్లొమాకు పెట్టాలనుకున్న సొమ్మును అటువైపు దాచడం తెలివైన పని. విశాఖలో ప్రాంతీయ ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది గానీ ప్రభుత్వ ప్రయోగశాలల్లో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు అరుదు. బ్యాంకుల మోస నివారణ విభాగాలు, ఆడిట్ సంస్థలు ఇటువంటి చదువున్న వారిని తీసుకుంటాయి. వాదన మీద ఇష్టముంటే లాసెట్ రాసి మూడేళ్ల న్యాయవిద్య చదివి, కొంతకాలం ప్రాక్టీసు తరువాత అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకు పోటీపడవచ్చు.

ఇంకొక హెచ్చరిక చేయక తప్పదు. కమీషన్ ఇస్తామంటే తమ బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును, సిమ్‌ను ఇతరులకు అప్పగించే విద్యార్థులు ఉంటున్నారు. ఆ ఖాతా గుండా మోసపు సొమ్ము పారితే కేసులో వారి పేరు చేరుతుంది, ప్రభుత్వ ఉద్యోగానికి ముందు జరిగే పూర్వాపరాల విచారణలో అది బయటపడుతుంది. కేసు ఉన్న సంగతిని ఆ విచారణ కోసం అభ్యర్థి నింపే పత్రంలో దాచడం ఎంత తీవ్రమైన విషయమో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చర్చించింది. మీ అమ్మాయికే కాక ఆమె స్నేహితులకు కూడా ఈ మాట చెప్పించండి.

చివరగా ఖర్చు లేని ఒక పని సూచిస్తాను. కొన్ని ప్రత్యేక కేసులు మినహా మన దేశంలో క్రిమినల్ విచారణలు బహిరంగంగానే జరుగుతాయి. ఈ సెమిస్టరు సెలవుల్లో ఏదైనా పనిదినాన విశాఖ జిల్లా కోర్టు ప్రాంగణానికి ఆమెను వెళ్లమనండి. దర్యాప్తు అధికారి సాక్ష్యం ఇచ్చే రోజు ఎప్పుడో తెలిసిన న్యాయవాదిని అడిగి కనుక్కోవచ్చు. ఫోను కట్టేసి వెనుక బెంచీలో కూర్చుని, ఆ అధికారి రాసిన ప్రతి కాగితాన్నీ, తీసిన ప్రతి వీడియోనూ ఎదుటి న్యాయవాది ఎలా ప్రశ్నిస్తారో వినాలి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆ స్థానంలో తాను ఉండాలనుకుంటోందో లేదో మీరు అడగండి. ఆమె ఇచ్చే జవాబును బట్టి పుస్తకాలు కొనాలో, పీజీ దరఖాస్తు నింపాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.