పనామా కాలువ దాటే రోజు ఓడలో ఎలా ఉంటుంది? మా నాన్నతో వెళ్లిన అనుభవం

పనామా కాలువ దాటే క్రూయిజ్‌కు అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకుంటున్నానని, ఆ ఒక్క రోజు కోసం అంత ఖర్చు దండగేమోనని, వాళ్లకు విసుగొస్తుందేమోనని ఒకరు నన్ను అడిగారు. మా నాన్నకైతే విసుగు రాలేదు. కానీ ఆయన సంగతి కొంచెం వేరు.

మాది నారాయణపేట దగ్గర ఒక పల్లె. నాన్న ఇరవై ఏళ్లు గుంపు మేస్త్రీ వెంట కాలువ పనులకు వలసపోయిన మనిషి. మహారాష్ట్ర, గుజరాత్ దాకా పాలమూరు లేబర్‌గా మట్టి మోశాడు. నా దగ్గరికి అమెరికా వచ్చినప్పుడు ఫ్లోరిడాలో ఓడ ఎక్కించాను. మొదటి రోజుల్లో సముద్రాన్ని చూసి పెదవి విరిచాడు. "తాగనీకి రావు, పొలానికి రావు. గిన్ని నీళ్లుండి ఏం లాభంరా?"

కాలువ రోజు మాత్రం పొద్దున ఐదింటికే డెక్ మీద ఉన్నాం. అప్పటికే సగం కుర్చీల మీద తువ్వాళ్లు పరిచి పెట్టారు, మన బస్సుల్లో కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు! మొదట కాలువ పైలట్ ఎక్కుతాడు. ఇక్కడ ఓడ నడిపే అధికారం కెప్టెన్‌ది కాదు, ఆయనదే. అట్లాంటిక్ వైపు గాటూన్ లాకులు వస్తాయి. లాకు అంటే రెండు వైపులా గేట్లున్న పెద్ద నీటి తొట్టి, నీళ్లు నింపితే ఓడ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. మూడు మెట్లలో ఓడ 26 మీటర్లు పైకెక్కి సరస్సులోకి చేరుతుంది. గోడల మీద పట్టాలపై నడిచే కరెంటు ఇంజన్లు తాళ్లతో ఓడను మధ్యలో నిలబెడతాయి. వాటిని 'మ్యూల్స్' అంటారు, అంటే కంచర గాడిదలు. లాకు వెడల్పు 33.5 మీటర్లు. మా ఓడకు, గోడకు మధ్య రెండడుగుల సందు కూడా ఉన్నట్టు లేదు.

ఓడ పైకి లేస్తుంటే నాన్న మోటారు కోసం వెతికాడు. పంపులు లేవు, పై సరస్సు నీళ్లే గోడల్లోని సొరంగాల గుండా వాటంతటవే దిగుతాయని చెప్పాను. "అంటే తూమే కదరా!" అన్నాడు. నేను గంటసేపు ఇంటర్నెట్‌లో చదివి అర్థం చేసుకున్నది ఆయనకు ఒక్క మాటలో తేలిపోయింది. ఆ నీళ్లు తర్వాత ఎటు పోతాయని అడిగాడు. సముద్రంలోకి, ఒక్కో ఓడకు దాదాపు 20 కోట్ల లీటర్లు, అదీ మంచినీళ్లు. ఆ లెక్కన 140 ఓడలు దాటితే ఒక టీఎంసీ. మామూలు రోజుల్లో రోజుకు 36 దాకా దాటుతాయి కాబట్టి నాలుగు రోజులు చాలు. ఆయన కాసేపు మాట్లాడలేదు. 2023లో వానలు లేక సరస్సు తగ్గి, రోజుకు దాటే ఓడల సంఖ్యను బాగా తగ్గించారని చెబితే, "మరి తగ్గియ్యరా?" అన్నాడు.

తర్వాత సరస్సులో మూడు గంటలు నిజంగానే బోరు. మధ్యాహ్నం తిని నిద్రపోవచ్చు. చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టి నింపిన సరస్సు అది. కనిపించే దీవులన్నీ ఒకప్పటి గుట్టల కొనలు. "ఎన్ని ఊళ్లు మునిగినయో" అన్నాడు నాన్న. మునిగాయి.

కులేబ్రా కోత దగ్గర మాత్రం ఆయన్ను లేపాను. సుమారు 13 కిలోమీటర్లు కొండను చీల్చిన చోటు. 1880లలో ఫ్రెంచివాళ్లు మొదలుపెట్టి, దాదాపు 22 వేల మందిని జ్వరాలకు, ప్రమాదాలకు పోగొట్టుకుని చేతులెత్తేశారు. 1904లో అమెరికా వాళ్లు వచ్చి ముందు దోమల మీద పడ్డారు. మలేరియా దోమతో వస్తుందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. 1914 ఆగస్టు 15న కాలువ తెరిచారు. తవ్విన కూలీల్లో ఎక్కువమంది బార్బడోస్ లాంటి కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చిన నల్లజాతివాళ్లు. అమెరికన్లకు జీతం బంగారు నాణేల్లో, వీళ్లకు వెండి నాణేల్లో. గంటకు పది సెంట్లు.

"మేస్త్రీ ఎంత కోసుకునేటోడో," అన్నాడు నాన్న. ఆ తర్వాత, "ఇంత మట్టి యాడ వోసిండ్రు?" గైడ్ మైకులో గంటలకొద్దీ మాట్లాడింది కానీ, ఈ ప్రశ్న మా డెక్ మీద ఇంకెవరూ అడగలేదు.

మీకు పనికొచ్చే మాటలు: బాల్కనీ గది కొనకండి. అదుంటేనే బాగా కనిపిస్తుందని ఏజెంటు మాకు అంటగట్టాడు, కానీ లాకులో దాంట్లోంచి కనిపించింది కాంక్రీటు గోడ. చూడాల్సిందంతా ముందు డెక్ మీదే. పెద్ద ఓడలు 2016లో తెరిచిన కొత్త లాకుల్లో పోతాయి, అక్కడ మ్యూల్స్ ఉండవు, ఓడను లాగే, నెట్టే చిన్న టగ్ పడవలే. అందుకని పాత లాకుల గుండా పోయే ఓడ ఏదో అడిగి తీసుకోండి. అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి, దేశం దాటి మళ్లీ లోపలికి వస్తారు కదా. టోపీ, గొడుగు, పచ్చడి సీసా మరవకండి.

పెడ్రో మిగెల్, మిరాఫ్లోరెస్ లాకులు దిగి, అమెరికాస్ వంతెన కింది నుంచి పసిఫిక్‌లోకి వచ్చేసరికి సాయంత్రమైంది. ఎడమవైపు సముద్రంలోకి పొడుగ్గా చొచ్చుకుపోయిన అమడోర్ కట్టను చూపించాను. కులేబ్రాలో తవ్విన రాయీ మట్టీ తెచ్చి దీవులను కలుపుతూ పోసినదే అది. నాన్న రెయిలింగ్ పట్టుకుని, కట్ట చివరి దాకా కళ్లతోనే కొలిచాడు.

"మట్టం మంచిగ తీసిండ్రు," అన్నాడు.