పాప చదువు డబ్బుతో జేబు గడియారం కొనొచ్చా?

ప్రశ్న: హాంకాంగ్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్లలో హైదరాబాద్ వచ్చేస్తాం. 19వ శతాబ్దంలో చైనా వాళ్ల కోసం స్విట్జర్లాండ్‌లో చేసిన రిపీటర్ జేబు గడియారం ఒకటి వేలానికి వస్తోంది. పాప ఇంజినీరింగ్‌కి దాచిన డబ్బుతో కొంటే లాభం ఉంటుందా?

జవాబు: ఆ డబ్బు మాత్రం ముట్టుకోకండి. మీ మోజు నాకు అర్థమైంది. రిపీటర్ అంటే అడిగినప్పుడు టైమ్‌ను గంట కొట్టి చెప్పే గడియారం. పావుగంటల రకంలో బొడిపె నొక్కగానే, టైమ్ 3:40 అయితే, మూడు దెబ్బలు విడిగా, తర్వాత పూర్తయిన రెండు పావుగంటలకు రెండు జంట దెబ్బలు వినిపిస్తాయి. చీకట్లో కూడా టైమ్ తెలుస్తుంది. ఎవరికైనా మనసు లాగుతుంది. 1818లో స్విస్ గడియారాల వ్యాపారి ఎడ్వార్డ్ బొవే చైనాలోని కాంటన్‌లో (ఇప్పటి గ్వాంగ్‌జౌ) నాలుగు గడియారాలను 10,000 ఫ్రాంకులకు అమ్మాడంటే అక్కడి గిరాకీ ఎలాంటిదో చూడండి.

చైనాలో కానుకలు జంటగా ఇవ్వడం ఆనవాయితీ. అందుకే వీటిలో చాలావాటిని జతలుగా, ఒకదాని ఎనామెల్ బొమ్మ రెండోదానికి అద్దంలో బింబంలా ఉండేట్టు చేశారు. మీరు చూసింది ఒంటిదైతే, జత పలికిన ధర చూసి ఆశ పెట్టుకోకండి.

ఇక లెక్క చూద్దాం. వేలంలో లక్ష హాంకాంగ్ డాలర్లకు పాడారనుకోండి. దాని మీద వేలం సంస్థ వేసే కొనుగోలు రుసుము 25 శాతం అయితే మీరు కట్టేది 1,25,000. రెండేళ్ల తర్వాత అదే లక్షకు అమ్ముడై, 10 శాతం కమీషన్ పోతే చేతికొచ్చేది 90,000. అసలు తిరిగి రావాలంటేనే పాట దాదాపు 1,39,000 దాకా వెళ్లాలి. రెండేళ్లలో అంత పెరుగుతుందని నేను చెప్పలేను. హాంకాంగ్‌లో మూలధన లాభాల పన్ను లేదు, నిజమే. లాభమే రాకపోతే దాంతో పనేముంది?

నాకు అసలు టెన్షన్ హైదరాబాద్ సంగతి. 1972 నాటి మన పురావస్తు చట్టం ప్రకారం, వందేళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపకూడదు. ఒకసారి తెచ్చుకుంటే, మళ్లీ హాంకాంగ్ వేలానికి పంపడంలో చిక్కుకుంటారు. తెచ్చేముందే కస్టమ్స్, పురావస్తు శాఖల నుంచి రాతపూర్వకంగా స్పష్టత తీసుకోండి.

ఫీజుల డబ్బు డిపాజిట్లలోనే ఉంచండి. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాక ఇంకా మిగిలితే, పోయినా బాధపడని మొత్తంతో ముచ్చట తీర్చుకోండి. అలా కొనేటట్టయితే వేలానికి ముందు జరిగే ప్రదర్శనకు వెళ్లండి. భూతద్దంతో ఎనామెల్ మీద వెంట్రుకవాసి చీలికలు, ముత్యాలు పొదిగి ఉంటే ఊడినవి చూడండి. తర్వాత పూసిన రంగు అతినీలలోహిత కాంతిలో వేరుగా మెరుస్తుంది. గంటలు మాత్రం అక్కడి సిబ్బంది చేతే కొట్టించండి, మోగుతుండగా ముళ్లు తిప్పితే యంత్రం దెబ్బతింటుంది.