తోడబుట్టినవాళ్ళను యుద్ధభూమిలో మొదలుపెట్టకు

చిరంజీవికి ఆశీస్సులు.

మొఘల్ చక్రవర్తి షాజహాన్ కొడుకులు దారా షికో, ఔరంగజేబుల మీద నువ్వు రాస్తున్న నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. సింహాసనం కోసం వాళ్ళు తలపడ్డ 1658 సాముగఢ్ యుద్ధంతో ఎత్తుకున్నావు. ఏనుగులు, ఫిరంగులు బాగా కుదిరాయి. కానీ ఎదురెదురుగా నిలబడ్డవాళ్ళు ఒక తల్లి కడుపున పుట్టారని నువ్వు చెబితే తప్ప తెలియలేదు.

ముందు ఒక పెద్ద కాగితం మీద వయసుల పట్టిక గీయి. జహనారా 1614, దారా 1615, షూజా 1616, రోషనారా 1617, ఔరంగజేబు 1618, మురాద్ 1624. ప్రతి ముఖ్యమైన ఏటికీ ఎవరికెన్నేళ్ళో, ఏ ఊళ్ళో ఎవరి దగ్గర ఉన్నారో నింపు. 1626 గడి దగ్గర నీ చెయ్యి ఆగిపోవాలి. తిరుగుబాటు చేసి ఓడిన తండ్రి, రాజీకి హామీగా ఈ ఇద్దరు కొడుకుల్నీ తాత జహంగీరు దగ్గరికి పంపాడు. దారాకు 11, ఔరంగజేబుకు 7. మళ్ళీ తల్లిదండ్రుల్ని చూసింది 1628లోనే. అక్కడికి ఆ చిన్నవాడికి తోడుగా వెళ్ళింది ఈ అన్నే. చరిత్ర గ్రంథాలు ఆ రాత్రుల జోలికి పోవు. ఆ చోటు నీది. కనీసం రెండు సన్నివేశాలు అక్కడ రాయి. అన్న పక్కన పడుకుంటేగాని నిద్రపట్టని పిల్లవాడు పాఠకుడికి గుర్తుంటేనే, 1659లో ఆ తమ్ముడే చేయించిన దారా హత్య గుండెను పట్టుకుంటుంది.

‘అసూయతో రగిలిపోయాడు’ అని అయిదు చోట్ల రాశావు. అయిదూ కొట్టెయ్యి. తోబుట్టువుల మధ్య కడుపుమంట ఎప్పుడూ వంతుల దగ్గర పుడుతుంది, కాబట్టి వంతులు చూపించు. 1631లో వాళ్ళ తల్లి ముంతాజ్ చనిపోతే ఆమె ఆస్తిలో సగం 17 ఏళ్ళ జహనారా ఒక్కదానికే వెళ్ళింది. మిగతా సగం మిగిలిన పిల్లలందరికీ కలిపి. అప్పటికి రోషనారాకు ఇంకా 14 నిండలేదు. ఆ పంపకాన్ని ఆ పిల్ల కళ్ళతో రాస్తే చాలు, ఆమెను గయ్యాళిని చెయ్యాల్సిన పని ఉండదు. కాందహార్ కోట ముట్టడులు చూడు. 1649లోను, 1652లోను ఔరంగజేబు ఓడాడు, తండ్రి చేత మాటలు పడ్డాడు. 1653లో దారా కూడా ఓడాడు. అయినా దారా తండ్రి పక్కనే ఉన్నాడు, తమ్ముడు దక్కనులో ఉన్నాడు. 1658 నాటికి అన్న మన్సబు, అంటే దర్బారులో హోదాను తెలిపే అంకె, 60 వేలు, తమ్ముడిది 20 వేలు. నవలలో ఈ అంకెలు దర్బారులో ఎవరో పైకి చదవాలి, ఔరంగజేబు వినాలి. ఏమనుకున్నాడో నువ్వు చెప్పకు.

నీ నవలకు ప్రాణం జహనారా. మూడో అధ్యాయంలో ఆమెకు నాలుగు వాక్యాలే ఇచ్చావు, అది పెద్ద లోటు. 1644లో ఆమె ఒళ్ళు కాలినప్పుడు ఔరంగజేబు దక్కను నుంచి చూడ్డానికి వచ్చాడు. ఆ రోజుల్లోనే పదవి పోగొట్టుకుంటే, కోలుకున్నాక తండ్రికి చెప్పి అతని హోదా తిరిగి ఇప్పించింది ఆమే. అదే అక్క, 1656లో అతను మన గోల్కొండను ముట్టడిస్తే, దారాతో కలిసి తండ్రి చేత ఆపించింది. చేతికందిన కోట వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఉత్తర్వు చదువుతున్నప్పుడు అతనికి ఆ కాలిన చేతులు కూడా గుర్తుకు రావాలి. ప్రేమకొక అధ్యాయం, ద్వేషానికొక అధ్యాయం అని విడదీస్తే పాత్రలు రెండుగా చీలిపోతాయి. రెండూ ఒకే సన్నివేశంలో పెట్టు.

సంభాషణల సంగతి. మాటమాటకీ ‘భాయీజాన్’ అంటే డబ్బింగు సినిమాలా ఉంటుంది. హాయిగా ‘అన్నయ్యా’, ‘అక్కయ్యా’ అనిపించు. మన భాషలో నువ్వు, మీరు అని రెండున్నాయి కదా, అవే నీకు ఆయుధాలు. సాముగఢ్ తర్వాత రాజ్యం పంచుకోమని చెప్పడానికి జహనారా, గెలిచిన ఔరంగజేబు దగ్గరికి వెళ్తుంది. అతను ఒప్పుకోడు. అక్కడ ‘నువ్వు’ అని మొదలుపెట్టిన అక్క ఏ వాక్యంలో ‘మీరు’ అంటుందో తేల్చుకో. ఆ ఒక్క మాట కోసం పదిసార్లు తిరగరాసినా తప్పులేదు.

ఆగ్రా కోటలో తను బంధించిన తండ్రి 1666లో పోయేదాకా ఆయనతోనే ఉండిపోయిన ఆ అక్కకే, ఆ తర్వాత ఔరంగజేబు అంతఃపురంలో పెద్దరికం ఇచ్చాడు. దారా కూతుర్ని ఆమె పెంచింది. 1669లో ఆ పిల్లను ఔరంగజేబు కొడుకు ఆజంకిచ్చి పెళ్ళి చేశారు. తండ్రిని చంపించిన బాబాయే మామగారు. మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఆ పెళ్ళిపందిరి రాయి, జహనారా చూపులోంచి. నాలుగు పేజీలు మించనివ్వకు. రాశాక పంపు.