పతకం బొమ్మ ఎవరి పక్కన?

ప్రశ్న: మా కోడింగ్ క్లబ్ గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకొని పంచుకునే సైట్) లైబ్రరీల (ఇతరులు వాడుకునేలా రాసిపెట్టిన కోడ్) జాబితా ఒకటి నడుపుతోంది. 180 దాకా లింకులున్నాయి. కంపెనీలే చూసుకునే లైబ్రరీల పక్కన పతకం ఇమోజీ పెడదామనుకున్నాం. ఏది అధికారికమో తేల్చడం ఎలా?
— భీమవరం నుంచి విద్యార్థులు

జవాబు: ముందు పతకానికి అర్థం జాబితా పైనే ఒక్క వాక్యంలో రాయండి: 'ఉత్పత్తి ఎవరిదో, ఈ కోడ్‌ను చూసుకునేదీ వాళ్లే.' నాణ్యత మాట అందులోకి రానివ్వకండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది సరుకు ఏ ఊరిదో చెబుతుంది గానీ, మీ చేతిలోని డబ్బా ఎన్నాళ్ల కిందటిదో చెప్పదు కదా! కోడ్ రాసుకునే అటామ్ ఎడిటర్ గిట్‌హబ్ సొంతదే, అయినా 2022 డిసెంబరు 15న మూసేశారు. ఆగిపోయినవాటికి వేరే గుర్తు పెట్టుకోండి.

ఇక తేల్చడం. రీడ్‌మీలో (కోడ్‌తో పాటు ఉంచే పరిచయ పత్రం) 'అధికారిక' అని ఎవరైనా రాసుకోవచ్చు. మీరు అవతలి వైపు నుంచి రండి: ఉత్పత్తి సొంత డాక్యుమెంటేషన్ తెరిచి, అక్కడి నుంచి ఈ రిపాజిటరీకి (గిట్‌హబ్‌లో ఆ కోడ్ ఉన్న చోటికి) లింకు ఉందేమో చూడండి. లేకపోతే పతకం లేదు. పేర్లను అసలు నమ్మొద్దు. పైథాన్-టెలిగ్రామ్-బాట్ అంటే టెలిగ్రామ్ వాళ్లదే అనిపిస్తుంది, కాదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు దాని యజమాని ఒరాకిల్ ఇచ్చేది కనెక్టర్/పైథాన్. పైమైఎస్‌క్యూఎల్ బయటివాళ్లు రాసింది.

కంపెనీ ఖాతాలో ఉన్నంత మాత్రానా సరిపోదు. గూగుల్ ఖాతాలోని చాలా రిపాజిటరీల్లో, తరచూ రీడ్‌మీ అడుగున, 'ఇది గూగుల్ అధికారికంగా సపోర్ట్ చేసే ఉత్పత్తి కాదు' అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. చివరిదాకా చదవకపోతే అక్కడే బోల్తా పడతారు. ఖాతా పక్కన కనిపించే 'వెరిఫైడ్' గుర్తు కూడా ఆ డొమైన్ వాళ్లదేనని మాత్రమే చెబుతుంది.

ప్రశ్న: మా జాబితాలో పతకం బొమ్మతో వెతికితే సగమే దొరుకుతున్నాయి. పైగా ఒక లైబ్రరీ చేతులు మారినా లింక్ చెకర్ (లింకులు పనిచేస్తున్నాయో లేదో చూసే ప్రోగ్రామ్) పట్టుకోలేదు.
— అమలాపురం పాఠకుడు

జవాబు: మీరు వాడింది సైనిక పతకం అయ్యుండాలి. అది రంగుల్లో కనిపించాలంటే దాని వెనక 'వేరియేషన్ సెలెక్టర్-16' అనే కనిపించని అక్షరం ఉండాలి. ఫోన్‌ నుంచి టైప్ చేసినవాళ్లకు అది వస్తుంది, వేరేచోట నుంచి కాపీ చేసినవాళ్లకు ఒక్కోసారి రాలిపోతుంది. చాలాచోట్ల కంటికి రెండూ ఒకటే, వెతికే ప్రోగ్రామ్‌కు మాత్రం వేరు. క్రీడా పతకానికి ఈ తంటా లేదు, దానికి మారిపోండి. మా మటుకు మాకు బొమ్మకన్నా 'అధికారికం' అన్న మాటే నయమనిపిస్తుంది. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు 'సైనిక పతకం' అని వినిపిస్తే ఏం అర్థమవుతుంది?

రెండోది: రిపాజిటరీని ఇంకొకరికి బదిలీ చేస్తే గిట్‌హబ్ పాత చిరునామాను కొత్తదానికి మళ్లిస్తుంది. పేజీ తెరుచుకుంటుంది కాబట్టి చెకర్‌కు తప్పేమీ కనిపించదు. లింకు చివరికి ఏ చిరునామాలో తేలిందో చూసి, ఖాతా పేరు మారితే హెచ్చరించేలా దాన్ని మార్చండి. పతకం పెట్టిన తేదీని అదే వరుసలో కనిపించని కామెంట్‌గా రాసి, 3 నెలలకోసారి పాతబడ్డవి తిరగేయండి.

ప్రశ్న: పుల్ రిక్వెస్ట్ (జాబితాలో ఈ మార్పు చేర్చండన్న అభ్యర్థన) పంపేవాళ్లే పతకం తగిలించుకొని వస్తున్నారు. ఏం చేయాలి?
— పాలకొల్లు

జవాబు: పతకం తీసేసి లింకు మాత్రం తీసుకోండి. తర్వాత మీలో ఒకరు సరిచూసి, ఆధారమైన డాక్యుమెంటేషన్ లింకును కమిట్ (భద్రపరిచిన ఒక్కో మార్పు) సందేశంలో రాసి, పతకాన్ని విడి కమిట్‌గా పెట్టాలి.