సీఎంఎల్ ఏ కణంలో మొదలవుతుంది? మాత్రలు ఆపకూడదనడానికి కారణం అక్కడే ఉంది

మీ నాన్నగారికి సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్) అని తేలిందనీ, జబ్బు అసలు ఎక్కడ మొదలైందనీ, పిల్లలకూ వస్తుందా అనీ అడిగారు. మా అన్నయ్యకూ ఇదే జబ్బు. పెరిగేవి తెల్లకణాలే అయినా మొదలైంది వాటిలో కాదు, ఎముక మజ్జలో రక్తాన్ని పుట్టించే ఒకే ఒక్క మూలకణంలో. అందుకే ఎర్రకణాలనూ ప్లేట్‌లెట్లనూ తయారుచేసే కణాల్లో కూడా అదే మార్పు కనిపిస్తుంది.

అన్నయ్య రిపోర్టులో "టి(9;22)" అని ఉంది, అంతే. అర్థంకాక ఇంటిల్లిపాదికీ టెన్షన్. రిపోర్టు కింద రెండు వాక్యాల వివరణ రాస్తే ఏం పోతుంది? చివరికి డాక్టరుగారే కంప్యూటర్‌లో క్రోమోజోముల ఫోటో తెరిచారు. 22వ జతలో ఒకటి తోక తెగినట్టు పొట్టిగా ఉంది. ఆవిడ పెన్ను కొన దాని మీద పెట్టి, తర్వాత 9వ జత దగ్గరికి జరిపారు. అక్కడ ఒకటి కాస్త పొడుగు. రెండూ ముక్కలు మార్చుకున్నాయి. 22 మీద పడ్డ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యువు పుట్టి, కణాన్ని ఆగకుండా విభజన చెందేలా తరుముతుంది.

"మరి మా పిల్లలకో?" అన్నాడు అన్నయ్య.

"ఇది మీరు పుట్టాక మజ్జలో వచ్చిన మార్పండీ. పిల్లలకు వెళ్ళదు."

ఆ పొట్టి క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. తెగిన ముక్క 9 మీదికి చేరిందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఇంత తెలిశాక కూడా చుట్టాలు "ఏం తిన్నాడో" అంటుంటే ఒళ్ళు మండుతుంది. భారీ రేడియేషన్ తప్ప గట్టిగా రుజువైన కారణం లేదు, చాలామందికి అదీ ఉండదు. నెట్‌లో ఈ జబ్బునూ సీఎల్ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా) అనే ఇంకో రక్త క్యాన్సర్‌నూ కలిపేసి రాసేవాళ్ళు ఇంకో తలనొప్పి. సీఎల్ఎల్‌లో పేరుకునేవి బి లింఫోసైట్లు అనే ఒక రకం తెల్లకణాలు, దాని దారే వేరు.

నన్నడిగితే మూలకణం సంగతి మొదటిరోజే రోగికి చెప్పాలి. 2001లో వచ్చిన ఇమాటినిబ్ అనే సీఎంఎల్ మాత్ర పెరిగిన కణాలను బాగా అణచేస్తుంది, కానీ మజ్జలో నిద్రపోతున్న మూలకణాలు కొన్ని మిగిలే ఉంటాయి. కౌంట్ నార్మల్ అయిందని సొంతంగా మాత్రలు మానేస్తే జబ్బు మళ్ళీ అక్కడినుంచే లేస్తుంది. ఏళ్ళ తరబడి బాగా అదుపులో ఉన్న కొందరికి మాత్రం డాక్టర్లే గమనిస్తూ ఆపి చూస్తారు.

కాబట్టి నాన్నగారి విషయంలో తెల్లకణాల కౌంట్‌తో సరిపెట్టుకోకండి, బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ (ఆ జన్యువు రక్తంలో ఎంత ఉందో కొలిచే పరీక్ష) అంకె అడగండి. మందు మొదలుపెట్టిన 3 నెలలకు అది 10 శాతానికో, అంతకన్నా తక్కువకో దిగాలి. దిగకపోతే మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా, మందు మార్చాలా అన్నది అప్పుడే డాక్టరుతో మాట్లాడండి.